చేవెళ్ల బావి దగ్గర నేను చెప్పిన సగం పాఠం

ఎర్రమట్టి నల్లరేగడిగా మారే చోటు చూడాలని చేవెళ్ల దారి అడిగేవారికి దారి చెప్తాను గాని, నా మొదటి ప్రయాణం సంగతి ఇన్నాళ్లూ దాటవేశాను. చెప్పుకోవడానికి సిగ్గు. 1969లో నేను బీఎస్సీలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను. భూమికి పైపొర, దాని కింద మాంటిల్, నట్టనడుమ కోర్ అని తెలుసు. భూమి పైభాగం పెద్ద పెద్ద ప్లేట్లుగా విడిపోయి కదులుతోందని మా లెక్చరర్ అప్పుడే ఓ కొత్త సంగతి మొదలుపెట్టి, వాటికీ పొరలకూ సంబంధమేమిటో రేపు చెప్తానన్నాడు. మర్నాడే తెలంగాణ ఉద్యమంతో కాలేజీ మూతపడింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక చేవెళ్ల నల్లరాయి చూద్దామని బయల్దేరాను.

ఉదయం ఆరింటికి మెహిదీపట్నం చేరితే బంద్, బస్సుల్లేవు. ఖాళీగా పోతున్న కూరగాయల లారీని ఆపాను.

"జై తెలంగాణ అను, ఎక్కు," అన్నాడు డ్రైవర్.

అన్నాను. కిరాయి ఎంతని అడిగితే, "మొయినాబాద్‌ల చాయ్ తాపియ్యి, సాలు," అన్నాడు. మొయినాబాద్ దాకా గుండ్రాళ్ల గుట్టలు, ఎర్ర చెల్క నేలలు. చేవెళ్ల దగ్గరపడేసరికి గుట్టలు తగ్గి నేల నల్లబడింది. తొమ్మిదింటికి దిగి చేలల్లోకి నడిచాను.

ఒకచోట దానియేలు, ఆయన భార్య మార్తమ్మ తమ ఎకరం చేనులో బావి తవ్వుకుంటున్నారు. పది గజాల లోతున నల్లబండ అడ్డంపడిందట. నా చేతిలో సుత్తి, పుస్తకం చూసి దానియేలు పైకి వచ్చాడు.

"సారూ, గీ పలక కింద ఏముంటది? నీళ్లు పడ్తయా?"

ఆయన పలక అన్నది ఆ బండను. ప్లేటును నేను కూడా మనసులో పలక అనే తెలుగు చేసుకున్నాను. ఆ మాట వినగానే నా సగం పాఠం నోటికొచ్చేసింది.

"పలక అంటే భూమి పైపొరనే అన్నా. దాని కింద కరిగిన రాయి, అంతా నిప్పే."

మార్తమ్మ గడ్డపార కింద పెట్టింది. "అయితె నీళ్లుండయా?"

"నిప్పుల నీళ్లెట్ల ఉంటయక్కా?" అని నవ్వాను కూడా. మధ్యాహ్నం ఎడ్లబండి మీద శంకర్‌పల్లి చేరి, రైలెక్కి గర్వంగా ఇంటికొచ్చాను.

కాలేజీ తెరిచాక లెక్చరర్ మిగతా సగం చెప్పాడు. ప్లేటంటే పైపొర ఒక్కటే కాదు, మాంటిల్‌లో పైవైపున్న గట్టి భాగం కూడా. రెండూ కలిసి దాదాపు వంద కిలోమీటర్ల మందం. దాని కింద ఉన్నది కరిగిన రాయి కాదు, వేడికి మెత్తబడి మెల్లగా సాగే రాయి. ప్లేట్లు కదిలేది దాని మీదే. చేవెళ్ల నల్లబండ ఎప్పుడో పైకి పొంగి, పరుపులు పరుపులుగా చల్లారిన లావా. ఆ పరుపుల సందుల్లో నీళ్లు దొరుకుతాయి. ఆ రోజు క్లాసులో తలెత్తలేకపోయాను.

మరుసటి ఎండాకాలం మళ్లీ వెళ్లాను. బావి పూడ్చేసి ఉంది. దానియేలు పట్నంలో కూలికి పోయాడు. మార్తమ్మ పక్క చేను బావి నుంచి మోసుకొచ్చిన నీళ్లు చెంబుతో ఇచ్చింది. ఆ బావి కూడా అదే నల్లబండ పగలగొట్టి తవ్విందే.

"ఆళ్లకు పడ్డయి సారూ. ఆళ్ల కింద నిప్పు లేదు గావచ్చు. మీరు జెప్పకుంటె మేం కాలిపోతుంటిమి," అంది.

తప్పు నాదని చెప్పడానికే అంత దూరం వెళ్లాను. కానీ నీళ్లు తాగి, చెంబు తిరిగిచ్చి వచ్చేశాను.

తర్వాత ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పి బతికాను. తెలియని ప్రశ్న వస్తే తెలియదనడం నేర్చుకున్నాను గాని, ఆ మాట అనాల్సిన చోట అనలేదు. ఆవిడ నన్ను నమ్మి, కళ్లముందున్న నీళ్లను నమ్మలేదు. మీరు వెళ్తే ఒక్క సలహా: రాళ్లు చూడాలంటే ఎండాకాలంలో, బావులు తవ్వేటప్పుడు వెళ్లండి. తవ్వేవాళ్లకు ఏమీ చెప్పకండి, వాళ్లనే అడగండి. నేను నోరు మూసుకుని ఉంటే దానియేలు తవ్వుకుంటూ పోయేవాడు.