పౌలు నీలి నాలుక

మైలుతుత్తం విషమని లోకమంతా ఒప్పుకుంటుంది. పౌలు మాత్రం దాన్ని నాలుకకు రాసుకుని రుచి చూసేవాడు. వరంగల్ చుట్టుపక్కల మిరప తోటల్లో తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టడం అతని పని. మైలుతుత్తంలో ఉండేది రాగి. సున్నం తక్కువైతే ఆ రాగి తెగులుతో పాటు ఆకునూ మాడుస్తుంది. సరిపడా సున్నం ఎంతో తన నాలుకే చెబుతుందని పౌలు ఊరూరా చాటుకున్నాడు. రుచి చూసి, తుపుక్కున ఉమ్మి, "కొట్టుండ్రి" అంటే జనం నోళ్లు వెళ్లబెట్టేవారు. చర్చిలో పాస్టరు గారు మాత్రం ప్రభు భోజనం పాత్రను ఆ నీలి నాలుకకు అందరికంటే ఆఖరున అందించేవారు.

1978లో పౌలు, అతని భార్య ఎస్తేరు మొదటిసారి అరెకరం కౌలుకు పట్టారు. మిరప పూతకొచ్చింది. అది పోతే మళ్లీ ఇద్దరూ కూలికే. కొమ్మలు ఎండడం మొదలవగానే పౌలు మట్టి బానలో మందు కలిపాడు. మహానుభావుడి నాలుకను దర్శించుకోవడానికి పక్క చేను రాయమల్లు ఇంకో నలుగురిని వెంటేసుకొచ్చాడు. పౌలు రుచి చూసి, కళ్లు మూసుకుని, కుదిరిందన్నాడు.

ఎస్తేరు కొడవలిని బానలో ముంచి కాసేపు ఉంచింది. తీస్తే ఇనుము మీద ఎర్రగా రాగి పూత. పోయినేడు వ్యవసాయ ఆఫీసు వాళ్లు ఊళ్లో చూపించిన పరీక్ష అది: ఇనుముకు రాగి అంటితే సున్నం చాలనట్టు. ఆ రోజు పౌలు బీడీ తాగుతూ నవ్వాడు.

"సున్నం నెమ్మెక్కింది, బలం లేదు. గిట్లనే కొడితే ఆకు మాడ్తది," అంది.

గట్టు మీద నవ్వులు. పౌలు మొహం కందగడ్డయింది. అది తుప్పన్నాడు, ఆడదానికేం తెలుసన్నాడు, పంపు వీపుకు తగిలించుకున్నాడు. ఎస్తేరు సాలుకు అడ్డంగా నిలబడింది.

"నీ పేరు పోతే పోనీ. తోట పోతే ఏం తింటం?"

ఇరవై ఏళ్ల పేరు మరి. పౌలుకు ఏడుపొక్కటే తక్కువ. మిరప పూత వంక చూశాడు, పంపు దించాడు, అందరి ముందూ గొంతుక్కూర్చుని ఇంకింత సున్నం కలిపాడు. ఈసారి కొడవలి తెల్లగానే వచ్చింది.

తోట నిలిచింది. వారం తిరక్కుండా రాయమల్లు వాకిట్లోకొచ్చి, మందు కలపాలంటూ నసిగాడు. మాట పౌలుతోనే గానీ చూపు మాత్రం ఇంట్లోకి.

పౌలు పంపు భుజానికెత్తుకున్నాడు.

"నేను మోసేటోన్నే, రాయమల్లూ. కలిపేది మీ వదినె. పోయి ఆమెనడుగు."