మోకాలికి ఆనించిన కర్ర

పదకొండేళ్లుగా ఈ మాట కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు విప్పుతున్నాను.

అనకాపల్లిలో మాది గొడ్డళ్లకి, పారలకి పిడులు చేసే కొట్టు. ఏ పనిముట్టుకి ఏ కర్రో మా నాన్న నేర్పాడు. గొడ్డలి పిడికి గట్టిదనం ఒక్కటే చాలదు. దెబ్బ పడ్డప్పుడు కాస్త వంగి, మళ్లీ నిటారుగా నిలబడాలి. అందుకు చిరుమాను చెట్టు కర్రకి సాటి లేదు. కర్రలో గీతలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తెగకుండా సాగాలి. ముడి కనబడిందా, పొయ్యిలోకే. అన్నీ అయ్యాక కొనేవాడి ఎదుటే పిడిని ఎడమ మోకాలికి ఆనించి, రెండు చేతులా లాగి వంచి చూపించాలి. అది చూపించందే మా కొట్టు నుంచి పిడి బయటికి పోదు.

దేవరాపల్లి వైపు చెరకు రైతు ఒకాయన, నన్ను బావా అని పిలిచే మనిషి, ఆ రోజు గొడ్డలి పట్టుకుని వచ్చాడు. పొలం గట్టు మీద చింతమొద్దు కొట్టాలట. చిరుమాను కర్ర ఒక్కటే మిగిలింది. చెక్కుతుంటే నడిమిన ముడి, దాని పక్కనే సన్నటి చీలిక. లేదు, మరో రోజు రా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? మా నాన్న పేరు విని అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం నామోషీ అనుకున్నాను. ఛీ, నామోషీ! చీలికలో లక్క, రంపపు పొట్టు కూరి, మీద పాత ఇంజనాయిల్ రాసేశాను.

వంచితే ఫెళ్లున విరుగుతుందని నాకు తెలుసు. అందుకే వంచలేదు. మోకాలికి ఆనించి, పళ్లు బిగబట్టి, భుజాలు కదిపి, వంచినట్టు నటించాను. ఆయన నవ్వుతూ చూస్తూ నిలబడ్డాడు.

నాలుగో రోజు కబురు తెలిసింది. పిడి నడిమికి విరిగి, పేడు ఎగిరి కుడికంట్లో గుచ్చుకుందట. ఆ కన్ను దక్కలేదు. చూడ్డానికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను, నమ్మండి. కంటికి కట్టుతో మంచం మీద కూర్చున్న మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు.

“తప్పు నాదే బావా. దెబ్బ అడ్డంగా ఏసేసేను. నీ కర్రనేటనగలం? నువ్వు మోకాలికేసి వంచడం నాను కళ్లారా సూసేను కదా.”

వాళ్లావిడ టీ ఇస్తే తాగి వచ్చేశాను. తాగాను కూడా! ఏం మనిషిని నేను?

నమాజులో మోకాళ్ల మీద కూర్చున్నప్పుడల్లా ఈ ఎడమ మోకాలే నా ధ్యాసంతా లాగేసుకుంటుంది. ఏమని వేడుకోను? క్షమించమని అడగాల్సింది ఆయన్ని. ఆయనేమో, మా కర్ర మీద ఎవరైనా ఒక మాటంటే కొట్లాటకి దిగుతాడట.

మొన్న మళ్లీ వచ్చాడు, పారకి పిడి కోసం. ముడి లేని కర్ర ఏరి, చెక్కి, ఆయన ఎదుట చేతులు వణికేదాకా వంచాను. ఉన్న ఆ ఒక్క కన్నూ ఇటు తిప్పనేలేదు. నా పనితనం చూడక్కర్లేదన్నట్టు రోడ్డు మీద పోయే చెరకు ట్రాక్టర్లని చూస్తూ కూర్చున్నాడు. అప్పుడూ చెప్పలేకపోయాను. ఇక చెబుతానన్న నమ్మకమూ లేదు. ఆయనకి చెప్పాల్సింది చేతకాక మీకు చెబుతున్నాను. ఇక్కడైనా ఒక్కసారి పైకి అననివ్వండి.

ఆ రోజు నేను వంచలేదు బావా.