పడకముందే చెప్పడం నేర్పిన పెద్దమ్మ

మొన్న మా కోడలు కొత్త చీర అంచులోంచి ఒక పోగు లాగి, అది అసలైన పట్టేనా అని చూడడానికి అగ్గిపుల్లతో అంటించింది. వెంట్రుకలు కాలినట్టు వాసన గదంతా కమ్ముకుంది. నేను చేతిలో పని వదిలేసి గోడ పట్టుకుని నేలమీద కూర్చుండిపోయాను. "ఏమైందత్తమ్మా?" అంటూ ఆమె పరుగెత్తుకొచ్చింది. "ఏం కాలేదమ్మా. ఈ వాసన నీకూ వస్తున్నదా?" అని అడిగాను. వస్తున్నదని ఆమె చెప్పిన తర్వాతగాని నా గుండె కుదుటపడలేదు. మూర్ఛ నన్ను విడిచిపెట్టి ఎన్నో ఏళ్లయింది. ఈ ప్రశ్న మాత్రం విడవలేదు. దీని వెనక శంకరమ్మ పెద్దమ్మ ఉంది.

ఆమె మాకు చుట్టం కాదు. గద్వాలలో మా పక్కిల్లు. రెండిళ్లలోనూ మగ్గాలుండేవి, మధ్యన ఉన్నది మోకాలెత్తు గోడ. రాయచూరు వైపు నుంచి కోడలుగా వచ్చిన మనిషి కాబట్టి, కోపమొస్తే ఆమె నోట కన్నడం వచ్చేది. పొడుగ్గా ఉండేది, గొంతు పెద్దది, నవ్వితే వీధి చివరిదాకా వినపడేది. నేను రెండిళ్ల మగ్గాలకూ రాట్నం మీద నూలు కండెలు చుట్టి ఇచ్చేదాన్ని. అవి నిజాం రోజులు, సంస్థానం ఇంకా ఉన్న కాలం. నాకు ఏడో ఎనిమిదో ఏళ్లు ఉండగా ఒక మధ్యాహ్నం రాట్నం దగ్గరే పడిపోయానట. నాకు గుర్తున్నది ఆ తర్వాతది మాత్రమే: నాలుక కొరుక్కున్న నొప్పి, పైనుంచి వంగి చూస్తున్న ముఖాలు, నా పిడికిట్లో ఎవరో పెట్టిన ఇనుప తాళపుచెవి. గాలి సోకిందన్నారు. మళ్లీ మళ్లీ పడుతుంటే మా అవ్వ, అంటే నాయినమ్మ, నా నుదుటి మీద వాత పెట్టించాలని నిశ్చయించింది. వాతలు పెట్టే మనిషి వచ్చాడు. పొయ్యిలో ఇనుపకడ్డీ ఎర్రబడుతున్నది. అమ్మ నన్ను ఒళ్లో అదిమి పట్టుకుని ఏడుస్తున్నది.

శంకరమ్మ పెద్దమ్మ గోడ దాటి వచ్చింది. "బ్యాడ! బ్యాడ అంటున్న గద!" వద్దు, వద్దని కన్నడంలో అరుస్తూ కడ్డీకీ నాకూ మధ్య నిలబడింది.

"నీ పిల్లనా? నీకెందుకే?" అన్నది అవ్వ.

"నా పిల్ల గాదు. గాలో దయ్యమో నాకు గూడ తెల్వదు. కాలేది మాత్రం పిల్లనే గదనే అవ్వా! ఒకపారి కర్నూలు దవాఖానల జూపిద్దాం. నేను గూడ వస్త."

ఆమెకు నమ్మకాలు లేవని కాదు. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి నా మెడలో కట్టింది ఆమే. కానీ పిల్లను కాల్చడం ఆమె చూడలేకపోయింది.

వాత ఆగింది, కర్నూలుకు రైల్లో వెళ్లాం. డాక్టరు వయసు మళ్లినవాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు. అమ్మ నేను పడిపోవడం గురించి అంతా చెప్పింది. కళ్లు తేలేయడం, నురగ, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం. ఆయన చివరిదాకా విని, "పడిపోయే ముందు పాప ఎట్లా ఉంటుందమ్మా?" అని అడిగాడు. అమ్మ, పెద్దమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పడేముందు నేనెట్లా ఉంటానో ఎవరూ గమనించలేదు. "ఇకనుంచి చూడండి. కొందరికి ముందుగానే ఏదో ఒక గుర్తు కనపడుతుంది. తెలిస్తే, దెబ్బ తగలకుండా పడుకోబెట్టొచ్చు. పక్కకు తిప్పి పట్టుకోండి. నోట్లో ఏమీ పెట్టకండి." ఉప్పగా ఉండే నీళ్లమందు ఒక సీసా ఇచ్చాడు. దానితో మూర్ఛలు తగ్గాయిగాని, పోలేదు.

అమ్మ నా వైపు చూస్తే ఏడుపొచ్చేది, అందుకని చూసే పని పెద్దమ్మ తీసుకున్నది. ఆమె మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగేది, వెంటనే "పద్మా!" అని కేక. నేను గోడ మీది కాకిని చూస్తూ మైమరచినా సరే, పరుగున వచ్చి నన్ను పడుకోబెట్టేది. వీధిలో పిల్లలు పగలబడి నవ్వేవారు. నాకు ఆమె మీద మండిపోయేది. అయినా ఆమె మానలేదు. కొన్నాళ్లకు కాకిని చూసే చూపు వేరు, ఆ చూపు వేరు అని ఆమెకు తెలిసొచ్చింది. "మాట నడుమ ఆగిపోతది. గుటకలు మింగుతది. ఎడమ చెయ్యి లంగ అంచును గిల్లుతుంటది. గప్పుడు పట్టుకోవాలె" అని అమ్మకు చెప్పింది. ఒక్కోసారి ఇవన్నీ కనిపించినా నేను పడేదాన్ని కాదు. ఒక్కోసారి ఏవీ కనిపించకుండానే పడేదాన్ని. అట్లా పడిన రోజు ఆమె అన్నం సరిగ్గా తినేది కాదని అమ్మ తర్వాత చెప్పింది.

అట్లాంటి ఒక రోజే, నేను తేరుకున్నాక, పెద్దమ్మ నా పక్కన కూర్చుని అడిగింది. "నేను బయటికెల్లి కనపడేదే చూస్తున్న బిడ్డా. లోపల నీకేమైతుందో నువ్వు చెప్తెనే గద తెల్సేది. పడేముందు ఏమైతది?"

ఆ మాట అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. అంతకుముందు ఒకసారి నేనే అవ్వతో చెప్పబోతే, అది దయ్యం వాసన, ఎవరికీ చెప్పకు అని నా నోరు మూసింది. అప్పటినుంచి దాచుకున్నాను. పెద్దమ్మ ముఖం చూస్తూ మెల్లగా చెప్పాను. "పట్టు కాలిన వాసనొస్తది. ఆడ ఏం కాలదు. కడుపులకెల్లి ఏదో పైకొస్తది. భయమైతది."

ఆమె భయపడలేదు. "ఈసారి వాసనొచ్చినప్పుడు, నీకూ వస్తున్నదా అని పక్కనున్నోళ్లను అడుగు. రాలేదంటే ఉన్నకాడనే పండుకో. నేనే ఉండాలని లేదు, ఎవరున్నా అడుగు. సిగ్గువడకు."

సిగ్గుపడకుండా ఉండటం అంత తేలిక కాలేదు. ఆ మరుసటి ఏడు శ్రీరంగాపూర్ జాతరకు బయలుదేరి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటడానికి పుట్టి కోసం నిలబడ్డాం. తోలు కప్పిన ఆ గుండ్రటి బుట్టపడవలో పెద్దమ్మ అప్పటికే ఎక్కి, అటు తిరిగి కూర్చున్నది. నేను నాయిన వెనక ఇసుకలో ఉన్నాను. వాసన వచ్చింది. ఒడ్డున ఎవరైనా వంట చేస్తున్నారేమోనని చూశాను. పొయ్యి లేదు, పొగ లేదు. "నాయినా, కాలిన వాసనొస్తున్నదా?" అన్నాను.

నాయిన చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. "ఏం లేదు. జల్ది ఎక్కు" అన్నాడు, గొంతు తగ్గించి. పుట్టి నడిపేవాడు, గాలి లేస్తున్నది, ఎక్కుండ్రి అని అరుస్తున్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను ఇసుకలో కూలబడ్డాను. "నేనెక్క. నాకు వస్తున్నది" అని గట్టిగా అన్నాను. పెద్దమ్మ నీళ్లలోకి దూకిన చప్పుడు విన్నాను. నా చెంప కింద ఆమె తడి చెయ్యి. అంతే.

కళ్లు తెరిచేసరికి పుట్టి మమ్మల్ని ఒడ్డునే వదిలి నది నడుమకు చేరింది. నాయిన నా ముఖం మీద ఎండ పడకుండా తువ్వాలు పట్టుకుని కూర్చున్నాడు. "ఎక్కిచ్చేటోన్ని గదనే తల్లీ" అన్నాడు. ఆయన ఏడవటం నేను చూడటం అదే మొదలు. పెద్దమ్మ తడిసిన కుచ్చిళ్లు పిండుకుంటూ, "నేను గూడ చూడలే అన్నా. నా మొకం అటున్నది. పిల్లనే చెప్పింది" అన్నది. పుట్టి తిరిగొచ్చాక నాయిన ఎక్కమనలేదు. "పోదామా?" అని నన్నడిగాడు. నేను తల ఊపేదాకా ఆగాడు.

తర్వాత నన్ను ఆడపిల్లల బడికి పంపారు. భయపడిన పంతులమ్మతో నాయిన చెప్పింది ఒక్కటే. "మా పిల్లనే చెప్తది. చెప్పినప్పుడు జర జాగ ఇయ్యండి, పండుకుంటది." పెళ్లి మాటల్లోనూ పెద్దమ్మ దాచనివ్వలేదు. విన్నాక ఒక సంబంధం వెనక్కి పోయింది. తర్వాత వచ్చినాయన, మూర్ఛ వస్తే తానేం చేయాలని అడిగాడు. ఆయననే చేసుకున్నాను. పెద్దమ్మ కన్నుమూసినప్పుడు నేను బాలింతను, వెళ్లలేకపోయాను. ఆ లోటు ఇప్పటికీ ఉంది.

ఈమధ్య మా వీధిలో ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పాప ఉన్నట్టుండి గుడ్లప్పగించి చూస్తున్నదట, పిలిస్తే పలకడం లేదట. ముందు డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మన్నాను. ఆమె ఇంకా చెప్పుకుంటూనే పోతున్నది. ఎప్పుడు మొదలైంది, ఎవరి దిష్టి తగిలింది, ఎవరు ఏమన్నారు. పాప తల వంచుకుని చాప పుల్లలు లాగుతూ కూర్చుంది. నేను తల్లిని కాసేపు ఆగమని, పాప పక్కకు జరిగాను.

"నువ్వు చెప్పు బిడ్డా. అప్పుడు నీకేమైతుంటది?"

పాప ఒకసారి తల్లి వైపు చూసింది. తర్వాత నా దగ్గరికి జరిగి, చెప్పడం మొదలుపెట్టింది.