ఏడికెల్లి తెచ్చినవ్?

వీరేశం గారికి ఒకే ఒక్క జబ్బు. ఎవరు ఏ మాట అన్నా "ఏడికెల్లి తెచ్చినవ్?" అని అడగాల్సిందే. అడగకపోతే ఆయనకు అన్నం సహించదు. "సార్, బయట వాన పడుతోంది" అన్నా అంతే. ఆ కబురు ఎవరు చెప్పారో, వాళ్ళు స్వయంగా తడిశారో లేదో తేలాకే గొడుగు తీసేవారు.

అలాంటి మనిషిని ఏరికోరి ఉద్యోగంలో పెట్టుకున్నవాడు రంగనాథ్. 1999వ సంవత్సరం అది. మాదాపూర్‌లో బండలు పగలగొట్టినంత మేరా అద్దాల మేడలు లేస్తున్నాయి, ఎవరిని కదిలించినా డాట్‌కామ్ అంటున్నారు. కర్నూలు నుంచి వచ్చిన రంగనాథ్ కూడా ఒక అంతస్తు కిరాయికి తీసుకుని 'సైన్సు చావడి' అని తెలుగు సైన్సు వ్యాసాల వెబ్‌సైటు తెరిచాడు. పాఠకులు పంపినవి కొన్ని, ఆఫీసు కుర్రకారు రాసినవి కొన్ని. రాసినవి అని మర్యాదకు అంటున్నాం లెండి. ఇంగ్లీషు సైట్ల లోంచో పాత పత్రికల లోంచో ఎత్తుకొచ్చి, కింద తమ పేరు తగిలించుకుని, ఆ పేరు వంకే మురిసిపోతూ చూసుకోవడాన్ని ఆ రోజుల్లో కంటెంట్ అనేవారు.

ఈ దొంగసరుకు పట్టడానికే వీరేశం గారు వచ్చారు. మెదక్ జిల్లా గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరై బోరబండలో ఉంటున్నారు. సైకిలు మీద వచ్చేవారు. వ్యాసం చేతికిస్తే కళ్ళజోడు పైకి తోసి, "గిది అరవై ఎనిమిదిల అచ్చయింది. కుడి పేజీ. కింద సబ్బు బొమ్మ ఉంటది" అనేవారు. వెతికి తీస్తే సబ్బుతో సహా దొరికేది.

ఆయన నోటికి ఆఫీసు పనీ, బయటి పనీ అన్న తేడా లేదు. టీ పోసే జయమ్మను కూడా వదల్లేదు.

"గీ అల్లం టీ ఏడికెల్లి నేర్చినవ్ జయమ్మా?"

"మా అత్త కాడ, సారూ."

"అత్త ఎవరి కాడ నేర్చింది?"

"నాకేం ఎర్క? తాగుతవా, పారబోయాల్నా?"

గబగబా తాగేశారు.

ఒకసారి కంపెనీ వదిలి వెళ్తున్న మేనేజరుకు వీడ్కోలు సభ పెట్టారు. వ్యాసాలు రాసే ప్రియదర్శిని వీడ్కోలు మాటలు కాగితం చూసి చదువుతుంటే అందరి కళ్ళూ చెమర్చాయి. వీరేశం గారు లేచారు.

"అమ్మా, గీ ముచ్చట ఏడికెల్లి తెచ్చినవ్?"

"నా మనసులోంచి సార్!"

"మనసులకెల్లి వస్తే, మేనేజరు సారును ప్రిన్సిపాల్ గారూ అని ఎందుకంటున్నవ్?"

సభ అక్కడితో ముగిసింది. ఆ అమ్మాయి వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

కిరణ్‌కైతే ఆయన్ని చూస్తేనే ఒళ్ళు మంట. కిరణ్ అనంతపురం కుర్రాడు. ఆరు నెలలు పరీక్షగా పెట్టుకుని, నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఆ గడువు ఆ వారంతో తీరుతుంది. ఖాయం కాకపోతే వెనక్కి వెళ్ళి మామ ఎరువుల కొట్లో యూరియా తూచాలి. పైగా గోడ మీద రంగనాథ్ అంటించిన నిబంధన ఒకటి ఉంది: కాపీ కొట్టినవాళ్ళు ఆ రోజే ఇంటికి.

ఆగస్టు పదకొండున సూర్యగ్రహణం. తొమ్మిదో తేదీన కిరణ్ ఒక ఇంగ్లీషు సైటు తెరిచి, ఉన్నదున్నట్టు తెలుగు చేసి, 'మన మేడ మీంచి గ్రహణం' అని పేరు పెట్టాడు. ప్రతి వ్యాసమూ ముందు వీరేశం గారే చూడాలన్న పద్ధతి పక్కన పెట్టి, నేరుగా రంగనాథ్ చేతికిచ్చాడు.

"శభాష్ అప్పా! రేప్పొద్దున మొదటి పేజీలో ఇదే. నీ ఉద్యోగం సంగతి గూడా రేపే చూస్తా."

కిరణ్ భూమికి జానెడు ఎత్తున నడిచాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ముసలాయన మొహం మాడిపోతే చూడాలని ఒక కాపీ తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాడు.

వీరేశం గారు చదివారు. మళ్ళీ చదివారు.

"ఏడికెల్లి తెచ్చినవ్ రా?"

"రంగనాథ్ సార్ ఓకే చేసినారు."

"అది గాదు. గ్రహణం ఎన్నిగొట్టంగ?"

"పొద్దున పదకొండు దాటి పదకొండు నిమిషాలకు."

"చలికి సూటరు వేసుకొని మేడెక్కుండ్రి అని రాసినవ్. ఆగస్టుల హైదరాబాద్‌ల సూటరేందిరా?"

కిరణ్‌కు అప్పుడు వెలిగింది. ఆ సైటు ఇంగ్లండుది. పదకొండు గంటలు ఇంగ్లండువి. చలి కూడా ఇంగ్లండుదే.

"మనకు పొద్దుగూకే యాళ్లకు వస్తది గ్రహణం. నీ రాత నమ్మి బడి పిల్లలు పట్టపగలు మేడెక్కి సూర్యుని దిక్కు చూస్తే కండ్లు పోతయ్, ఎర్కేనా?"

ఆ కాగితం పట్టుకుని ఆయన తిన్నగా రంగనాథ్ గదిలోకి నడిచారు. వెనకాలే కిరణ్. వాడి కళ్ళకు యూరియా బస్తాలు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

టైము తప్పన్న మాట వినగానే రంగనాథ్ కుర్చీలోంచి లేచాడు. "ఏందప్పా ఇది? పదకొండు ఎట్లొచ్చె? నిజం చెప్పు కిరణ్, యాడ్నుంచి దించినావ్?"

కిరణ్ నోరు తెరిచేలోపే వీరేశం గారు అందుకున్నారు. "నేను చెప్పిన సార్. పంచాంగం సక్కగ చూడలే. పిలగాడు నా మాట నమ్మి రాసిండు."

"మీరా? సూటరు గూడా మీరే చెప్పినారా?"

"నాకు జర చలి ఎక్కువ సార్."

రంగనాథ్ తల పట్టుకున్నాడు. "ఊరందరినీ ఆధారాలడుగుతారు, మీకేమో ఇన్ని తప్పులు! లెక్కకు ఇది నాలుగోది. కొండాపూర్ చెరువు మంచుగడ్డ కట్టిందని సాయిచంద్‌కు మీరే చెప్పితిరి. కొత్తగూడ తోటల్లో ఎలుగుబంట్లు చేపలు పడతాయని ప్రియదర్శినికి మీరే చెప్పితిరి. రవీందర్ డైనోసార్ల వ్యాసంలో 'నా పోయిన పుస్తకంలో రాసినట్టు' అన్న ముక్క గూడా మీరే పొరపాటున కలిపినారంట. వయసు మీద పడతాంది వీరేశం గారూ!"

"అవు సార్," అని వీరేశం గారు బడిపిల్లాడిలా తల వంచుకున్నారు.

కిరణ్‌కు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. పక్క బల్ల సాయిచంద్ చెరువూ, ప్రియదర్శిని ఎలుగుబంట్లూ ఏ దేశం నుంచి వచ్చాయో ఇప్పుడు వాడికి వేరే చెప్పనక్కరలేదు. రవీందరైతే పుస్తకం మాట దేవుడెరుగు, ఇంటికి ఉత్తరం కూడా రాసినవాడు కాదు. ఇన్నాళ్ళుగా ఈ ఆఫీసులో ఒక్కరి ఉద్యోగమూ ఎందుకు పోలేదో అర్థమైంది.

"సార్, తప్పు ఆయనది కాదు, అది నేను..." అన్నాడు. అంతలో వీరేశం గారి తోలు చెప్పు వాడి కాలి వేళ్ళ మీద పడింది.

"ఏంది?" అన్నాడు రంగనాథ్.

"పిలగానికి కాలు తిమ్మిరెక్కిందట సార్," అని ఆయన వాడిని వరండాలోకి లాక్కొచ్చారు.

"ఎందుకు సార్ మీ మీద వేసుకున్నారు?" కిరణ్ ఏడుస్తూ అడిగాడు.

"నన్ను తీసేస్తే బోరబండల పింఛను తిని పంటా. నిన్ను తీసేస్తే? ఏడ్వకు, యాళ్ల లేదు. ముందుగాల్ల గ్రహణమంటే ఏందో జయమ్మకు నీ నోటితోని చెప్పు. ఆమె అడిగినయన్నిటికి జవాబు చెప్పు. ఆమెకు సమజైనంక గదే రాయి. మళ్ళ ఎవనిదన్న ఎత్తుకొస్తే మాత్రం తోలు తీస్త బిడ్డా!"

కిరణ్ కళ్ళు తుడుచుకుని తలెత్తాడు. ఆఫీసు అద్దానికి లోపల్నుంచి ముక్కులు ఆనించి చూస్తున్న సాయిచంద్, ప్రియదర్శిని, రవీందర్ ముగ్గురూ ఒక్క గెంతులో కుర్చీల్లో పడి, తలలు వంచి, టకటకా టైపు చేయసాగారు. ఆఫీసులో కరెంటు పోయి అప్పటికి పావుగంటయింది.