ఆ తెల్ల కారు మాది కాదు

మా తిరువూరులో బండి షెడ్డుకి వెళ్తే బండిగల మనిషి కూడా వెళ్ళాల్సిందే. మెకానిక్కు బానెట్టు ఎత్తుతాడు, ఈయన పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంటాడు. ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడుతూనే మెకానిక్కు చేతుల మీంచి చూపు తిప్పడు. తీసేసిన పాత సామాను గోనెసంచిలో వేసి ఇచ్చాకే లేస్తాడు. దీన్ని అనుమానమని ఎవరూ అనుకోరు, మర్యాద కిందే లెక్క. ఈ మర్యాదలో మా నాన్నని మించినవాడు లేడు. పంక్చరు వేయించుకొస్తానని వెళ్ళి భోజనాల వేళ దాటాక వచ్చిన రోజులున్నాయి.

అలాంటి మనిషి కారుని షోరూము వాళ్ళకి అప్పగించాల్సి వచ్చింది. అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. మా చుట్టుపక్కల అది కొత్త జబ్బేమీ కాదు. గుండె కూడా బలహీనంగా ఉంది కాబట్టి డయాలసిస్ విజయవాడ పెద్దాసుపత్రిలోనే చేయించమన్నారు. బస్సులో అంతదూరం కూర్చునే ఓపిక అమ్మకి లేదు, కారే దిక్కు. ఆ తిరుగుళ్ళ మధ్యలోనే కారు వేడెక్కడం, వెనక తెల్లటి పొగ రావడం మొదలైంది. షెడ్డు మెకానిక్కు చూసి పెదవి విరిచాడు.

"ఇంజను దించాలండి. విప్పడానికేం, విప్పుతాను. బిగించాక మాత్రం నాది పూచీ అని చెప్పలేను. అమ్మగారు ఎక్కే బండి. కంపెనీకే తీసుకెళ్ళండి."

విజయవాడ షోరూములో నాన్న తిన్నగా పని జరిగే చోటికి నడవబోయాడు. టై కట్టుకున్న సర్వీసు అడ్వైజరు చెయ్యి అడ్డం పెట్టి, "కస్టమర్లు లోపలికి రాకూడదు సార్" అని ఏసీ గదిలో కూర్చోబెట్టాడు. సోఫాలు, కాఫీ మిషను, గోడకి టీవీ. ఆ టీవీలో లోపల జరిగే పని కనిపిస్తుంది. నాన్నకి ప్రాణం లేచొచ్చింది. మర్నాటి నుంచి, అమ్మని అద్దె కారులో డయాలసిస్‌కి తీసుకెళ్ళిన రోజులు తప్ప, రోజూ పొద్దున బస్సెక్కి వెళ్ళి, ఆ టీవీ ముందు కూర్చుని, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు.

వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేవాడు. తెల్ల కారు, బంపరు తీసేశారు, ఇంజను దించారు. నెరిసిన గడ్డం మెకానిక్కు ఒకాయన ప్రతి బోల్టూ తుడిచి మరీ బిగిస్తున్నాడు. "మన షెడ్డువాడైనా ఇంత ఓపిగ్గా చెయ్యడే" అనేవాడు. అమ్మ సాయంత్రం ప్రార్థనలో ఆ గడ్డపాయన చేతుల్ని దీవించమని కూడా అడిగేది. తన కిడ్నీల కోసం అంత గట్టిగా ప్రార్థించగా నేను వినలేదు.

కారు తెచ్చుకునే రోజు నేను కూడా వెళ్ళాను. తాళాలు ఇస్తుంటే నాన్న అడిగాడు, "ఆ పెద్దాయన్ని ఒక్కసారి పిలుస్తారా బాబూ, దణ్ణం పెట్టి వెళ్తాను."

"ఏ పెద్దాయన సార్?"

నాన్న టీవీ చూపించాడు. అడ్వైజరు ఒకసారి అటు చూసి, "ఓ, ఆ కారా? అది వేరే కస్టమర్ది సార్. మీది వెనకవైపు షెడ్డులో చేశారు. అక్కడ కెమెరా లేదు" అన్నాడు.

"మరి మాది ఎవరు చేశారు?"

"మా టీమ్ సార్."

పాత సామాను అడిగితే అప్పుడే స్క్రాపులోకి వెళ్ళిపోయిందన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి మాత్రం ఏమీ దొరకలేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. టీవీలో ఉన్నది మీ కారేనని నాన్నతో ఎవరూ అనలేదు. మాదీ తెల్ల కారే, టీవీలో దాని నంబరు ప్లేటు బంపరుతోపాటే ఊడిపోయింది. కళ్ళముందు ఉన్నదాన్ని తనదే అనుకున్నాడు, అంతే. తిరువూరు మనిషి కాకపోతే అన్ని రోజులు అక్కడ కూర్చునేవాడే కాదు.

ఆ రోజు నుంచి నాన్నకి ఆ కారంటే భయం పట్టుకుంది. ఎవరి చెయ్యి పడిందో తెలియని ఇంజను. పాటలు మానేశాడు, ఏసీ మానేశాడు. స్టీరింగు మీదకి వంగి చప్పుళ్ళు వింటూ నడిపేవాడు. అమ్మ ఏదన్నా మాట్లాడబోతే వేలు పైకెత్తేవాడు. చంటిపిల్లకి జ్వరమొస్తే ఊపిరి వింటూ కూర్చునే తల్లిలా తయారయ్యాడు. వినాల్సిన ఊపిరి వెనక సీట్లో ఉందని మాలో ఎవరికీ తట్టలేదు.

తర్వాత జరిగింది నాన్న నాకు ఒక్కసారే చెప్పాడు. ఆ రోజు నాకు బడి ఉంది, డయాలసిస్‌కి వాళ్ళిద్దరే బయల్దేరారు. ఎ.కొండూరు దాటాక గురగురమని సన్నగా చప్పుడు మొదలైంది, నీళ్ళు మరుగుతున్నట్టు. రేడియేటరే అనుకున్నాడు. అమ్మ "ఏమండీ" అంది. "ఒక్క నిమిషం ఉండవే, చప్పుడేదో వస్తోంది" అన్నాడు. అమ్మ ఇంక మాట్లాడలేదు. వేడి ముల్లు చూస్తే పైకి లేవలేదు. వేగం తగ్గించాడు, చప్పుడు తగ్గలేదు. మైలవరం ఇంకా రాకముందే పక్కకి ఆపి ఇంజను కట్టేశాడు.

ఇంజను ఆగింది. చప్పుడు ఆగలేదు. వెనక సీట్లోంచి వస్తోంది.

అక్కణ్ణించి విజయవాడ దాకా కారుని ఎంత వేగంగా తోలాడో నాన్నకే తెలీదు. బండి ఒక్కచోట కూడా మొరాయించలేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని, ఇంకాస్త ముందు తీసుకురావాల్సిందని డాక్టరు చెప్పాడు. అమ్మ సాయంత్రం పోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక చుట్టాలు ఇంకా ఇంట్లో ఉండగానే షోరూము నుంచి ఫోనొచ్చింది. నాన్న స్పీకరు పెట్టుకునే మాట్లాడతాడు, అందరికీ వినబడింది. ఆడపిల్ల గొంతు, చాలా మర్యాదగా ఉంది.

"సర్వీసు ఎలా ఉంది సార్? ఇంజనులో చప్పుళ్ళేమైనా వస్తున్నాయా?"

నాన్న ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"లేదమ్మా" అన్నాడు. "ఇప్పుడేం చప్పుడు రావట్లేదు."