ఐదు మీద చుక్క

ఆ ఆఫీసులో ఆమెను అందరూ ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. పుట్టుకతోనే చూపు లేదు. అయితేనేం, ఎవరికి ఏ లైను కావాలన్నా రెప్పపాటులో కలిపేస్తుంది. అందులో మాయేమీ లేదు. ఫోను బటన్లలో ఐదు మీద చిన్న బొడిపె ఉంటుంది. వేలికి అది తగిలితే చాలు, మిగతా అంకెలన్నీ సొంతింట్లో గదుల్లాంటివే. చేతిలో పట్టుకు తిరిగే ఫోనూ అంతే. ఆ ధైర్యంతోనే రోజూ ఒంటరిగా బస్సెక్కి ఇంటికొస్తుంది.

అత్తగారికి మాత్రం ఇది సుతరామూ నచ్చదు. "ఫోనుంది కాబట్టి ఊరుకుంటున్నా. దారిలో ఇరుక్కుని కబురు చెయ్యలేకపోయావో, ఆ మర్నాటి నుంచి తోడు లేకుండా గుమ్మం దాటనివ్వను" అని ఖరాకండిగా చెప్పేసింది. ఆ తోడు ఎవరనుకున్నారు? ఆవిడే.

ఇలా ఉండగా, ఇంటర్నెట్లో ఏదడిగినా వెతికిపెట్టే ఓ పెద్ద కంపెనీ, ఫోన్లను నడిపించే సొంత వ్యవస్థను విడుదల చేసింది. దానితో నడిచే కొత్త ఫోన్లు దుకాణాలకొచ్చాయి. మొత్తం అద్దమే, అంకెల బటన్లు లేవు. ఆపరేటరమ్మ భర్త ఫోన్ల దుకాణంలో అమ్మకాల మనిషి. మహానుభావుడు ఆ హుషారులో భార్య పాతఫోను మార్పిడి కింద దుకాణానికిచ్చేసి, కొత్తది పట్టుకొచ్చాడు. ఒక్క మాట అడగొద్దూ?

"రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది, చూడు" అన్నాడు, దుకాణంలో అందరితో అనే గొంతుతోనే.

ఆమె అద్దమంతా తడిమింది. "ఇందులో ఐదెక్కడండీ?"

అతను తెల్లబోయాడు. కానీ ఓడిపోయే రకమా? తెర మీదికి అంకెలు తెప్పించి, ఐదున్న చోట గోళ్ళరంగుతో చుక్క పెట్టి ఆరబెట్టాడు. ఆమె ఆ చుక్కను పట్టుకుని నంబరు నొక్కింది. అత్తగారి ఫోను మోగింది. అతని సంబరం అంతా ఇంతా కాదు. ఆమె మనసు మాత్రం కుదుటపడలేదు. మర్నాడు ఆఫీసులో కూర్చున్నంతసేపూ సంచిలో చెయ్యి పెట్టి, చుక్క ఉందా ఊడిందా అని తడుముకుంటూనే ఉంది.

సాయంత్రం బస్సు సగం దారిలో మొరాయించింది. అందర్నీ దింపేశారు. ఏ వీధో తెలియదు, ఎటు నడవాలో తెలియదు. ఫోను తీసింది. చుక్క ఉంది, దాని కింద ఐదు లేదు. అంకెలు ఎప్పుడో పోయి ఇంకేవో బొమ్మలొచ్చి కూర్చున్నాయి. నొక్కితే పాట మొదలైంది. మళ్ళీ నొక్కితే ఇంకో పాట. తెలియని వీధికన్నా అత్తగారి మాటే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

పక్కనెవరో ఒకావిడ ఉంటే అడిగింది. "కాస్త ఒక నంబరు కలుపుతారా అండీ?"

ఆవిడ ఫోనును అటు తిప్పింది, ఇటు తిప్పింది. "నాకు రెండు కళ్ళూ ఉన్నాయి గానీ, ఇందులో నంబర్లెక్కడో అర్థం కావట్లేదమ్మా. ముందు ఈ పాట ఆపేదెలా?"

చివరికి తన ఫోనే తీసి ఆమె చేతిలో పెట్టింది. బటన్ల ఫోను. బొడిపె తగలగానే ఆపరేటరమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిడనడిగి వీధి పేరు తెలుసుకుని భర్తకు కబురు చేస్తే అతను ఆటోలో వచ్చి తీసుకెళ్ళాడు.

ఇంట్లో అడుగుపెట్టగానే అత్తగారు అందుకుంది. "రేపట్నుంచి నేనొస్తా. ఇక మాట్లాడొద్దు."

"నేర్చుకుంటుందిలే అమ్మా, రెండు నిమిషాల పని" అని భర్త నసిగాడు.

ఆపరేటరమ్మకు ఒళ్ళు మండింది. "అయితే కళ్ళు మూసుకుని మీరే అత్తయ్య నంబరు కలపండి. అత్తయ్యా, మీ ఫోనిలా ఇవ్వండి."

అత్తగారి బటన్ల ఫోను పట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది. అతను కళ్ళు మూసుకున్నాడు. అద్దం మీద వేలు టకటకలాడింది. పాట మొదలైంది, ఆగింది, మళ్ళీ టకటక. లోకంలో ఏదైనా వెతికిపెట్టే కంపెనీవారి ఫోను చేతిలో ఉంది, ఆ పెద్దమనిషికి ఐదు దొరకలేదు.

"ఒరేయ్, కళ్ళు తెరవకు" అంది తల్లి.

ఆపరేటరమ్మ చేతిలోని ఫోను మోగలేదు.

"నా వల్ల కావట్లేదు" అన్నాడతను చివరికి. గొంతు చిన్నబోయింది. "నీ పాతది తెచ్చేద్దామన్నా, మధ్యాహ్నమే కంపెనీకి పంపేశారు."

ఆపరేటరమ్మ ఫోనును అత్తగారికి తిరిగివ్వబోయింది. ఆవిడ ఆ చేతిని వెనక్కి నెట్టింది.

"ఉంచుకో. నాకు ఇంటిఫోను చాలు. రేపు బస్సాగితే దానికి చెయ్యి. నేనెక్కడికీ రాను, ఇక్కడే కూర్చునుంటా."

"అలాగే అత్తయ్యా" అంది ఆపరేటరమ్మ. బొటనవేలు అప్పటికే ఐదు మీద ఉంది.