గోంగూర మడిలో బాడ్జర్

ఈ సాయంత్రం ట్రాయ్ ఊళ్లోని మా ఇంటి పెరట్లో పచార్లు చేస్తూ, ఆదివారం చర్చిలో చెప్పబోయే వాక్యాన్ని బిగ్గరగా సాధన చేస్తున్నాను. సింహాల గుహలో బెదరని భక్తుడి గురించి. "భయపడేవాడికి విశ్వాసం లేదు!" అని కేకేశాను. నా భార్య సరోజ గోంగూర కోస్తోంది. ఆమె వెనకే మట్టి కదిలి, ముఖాన తెల్ల చార, వేలంతేసి గోళ్లున్న బాడ్జర్ అనే బొరియలు తవ్వే జంతువు ఒకటి పైకి లేచి బుస్సుమంది. ఎరువుకని నిన్న నేనే పాతిన చేప తలకాయల కోసం వచ్చింది!

"సరోజా, పరుగెత్తు" అనాల్సింది, అనలేదు. ప్రభువా అని కూడా అనలేకపోయాను. కాళ్లు మాత్రం నన్ను పిక్నిక్ బల్ల ఎక్కించాయి. సరోజ తిరిగి చూసి, కెవ్వుమని బుట్ట దాని మీదికి విసిరి ఇంట్లోకి పరుగెత్తింది. అది ఓ చేప తలకాయ కరుచుకుని కంచె కింద దూరిపోయింది.

తలుపు సందులోంచి సరోజ, "ఏమండీ, వాక్యం అయిపోయిందా? ఇక దిగండి" అంది.

ఆ గోళ్లకీ ఆమె వీపుకీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. ఆదివారం ఆమె ముందు వరుసలో కూర్చుంటుంది. సహోదరులారా, మీలో ఎవరైనా ఎప్పుడైనా బల్ల ఎక్కారా? ఉంటే చెప్పండి, వాక్యం మీకోసం మార్చి రాస్తాను.